సంజాయిషీ ఎవరికి?

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అన్నారు డాక్టరుగారు ఫైలు మూసేస్తూ. శుభవార్త చెబుతున్నట్టే చెప్పారు. నాలుగేళ్లుగా పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఆడదానికి అంతకన్నా అయోమయమైన మాట ఇంకోటి ఉండదేమో. "అన్నీ బాగుంటే మరి ఎందుకు రావడం లేదండీ?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అది చెప్పలేం. దీన్ని అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ ఇన్‌ఫెర్టిలిటీ అంటారు" అన్నారు. ఇంటికొచ్చాక ఆ మాటకి తెలుగు వెతికాను. నిఘంటువులో దొరికే 'వంధ్యత్వం' నాకు పడదు. 'కారణం తెలియని సంతానలేమి' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసి చూసుకుంటే నన్ను ఎక్కువగా కుదిపింది సంతానలేమి కాదు, దాని ముందున్న 'కారణం తెలియని' అన్న మాట.

ఏడాదిపాటు గర్భనిరోధకాలేవీ వాడకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమిగా లెక్కించమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2023లో ఆ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారు. పరీక్షలు చేయించుకున్న జంటల్లో నూటికి 15 నుంచి 30 జంటల దాకా ఏ లోపమూ బయటపడదు. నెలనెలా అండం విడుదలవుతూనే ఉంటుంది. నాళాలు తెరుచుకునే ఉంటాయి. వీర్యకణాల లెక్క, కదలిక సరిగ్గానే ఉంటాయి. అయినా గర్భం రాదు. అంటే ఇది రోగానికి పెట్టిన పేరు కాదు, పరీక్షలన్నీ అయిపోయాక మిగిలిపోయిన ఖాళీకి పెట్టిన పేరు. కారణం లేదని కాదు, ఇప్పుడున్న పరీక్షలకు అందలేదని అర్థం. వైద్యం ఇక్కడ నిజాయితీగా 'తెలియదు' అని ఒప్పుకుంది. ఆ నిజాయితీని మా చుట్టూ ఉన్నవాళ్లెవరూ భరించలేకపోయారు. చాలాకాలం నేనూ భరించలేకపోయాను.

ఆ 'తెలియదు' దగ్గరికి చేరిన దారి గురించి ముందు చెప్పాలి. రెండేళ్లపాటు పరీక్షలన్నీ నాకే జరిగాయి. రక్తపరీక్షలు, థైరాయిడ్, రోజు విడిచి రోజు స్కానింగులు, చివరికి గర్భాశయంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే హెచ్.ఎస్.జి. ఆ రోజు బల్లమీద పళ్లు బిగబట్టి పడుకున్నాను. నా భర్త చేయించుకోవలసింది మొదట ఒక్క వీర్యపరీక్ష. సూది లేదు, కోత లేదు, అరగంట పని. అది అన్నిటికన్నా చివర జరిగింది. సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచి కూడా లోపం ఉండొచ్చని, ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టాలని డాక్టర్లందరికీ తెలుసు. "వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు" అన్నారు మా అత్తయ్య. ఆవిడ అనడంలో వింత లేదు. నేనూ అడగలేదు. క్లాసులో పితృస్వామ్యం గురించి గంటసేపు మాట్లాడగల నేను, ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా అతని చేతికివ్వడానికి రెండేళ్లు సంకోచించాను. అతని మగతనాన్ని అనుమానించినట్టవుతుందేమోనని. నా శరీరాన్ని అందరూ అనుమానించడం మాత్రం నాకు సహజంగానే తోచింది.

డాక్టరు 'తెలియదు' అన్న రోజు నుంచి మా చుట్టూ తెలిసినవాళ్లు పుట్టుకొచ్చారు. చదువులంటూ ముప్పై దాటేదాకా పెళ్లి చేసుకోకపోవడమే కారణమంది మా పిన్ని. ఎండలో స్కూటీ మీద కాలేజీకి తిరిగి ఒంటికి వేడి చేసిందంది పక్కింటావిడ. నాగదోషం అన్నారు జాతకం చూసిన సిద్ధాంతిగారు. మా కాలేజీలో ఒకాయన ఎంతో అభిమానంగా, "ఈ మీటింగులూ అవీ కొన్నాళ్లు పక్కనపెట్టండి మేడమ్" అన్నారు. బాగా చదువుకున్నవాళ్లు 'స్ట్రెస్' అన్నారు. ఇన్ని కారణాల్లో ఒక్కటీ నా భర్త చదువు గురించి కాదు, అతని వయసు గురించి కాదు, అతని మోటారు సైకిలు గురించి కాదు. కారణం దొరకని చోట ఆడదాన్నే కారణంగా నిలబెట్టడం మనకి అంత అలవాటైపోయింది.

ఇది ఇవాళ్టి అలవాటు కాదు. మహాభారతంలో విచిత్రవీర్యుడు ఇద్దరు భార్యలతో ఏడేళ్లు ఉండి, బిడ్డలు లేకుండానే చనిపోయాడు. అతనిలో లోపమేమిటని ఆ కథలో ఎవరూ అడగరు. వంశం నిలబెట్టడానికి సత్యవతి వ్యాసుణ్ణి పిలిపించాక మాత్రం కారణాలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. అంబిక కళ్లు మూసుకుంది కాబట్టి కొడుకు గుడ్డివాడయ్యాడు. అంబాలిక పాలిపోయింది కాబట్టి కొడుకు పాండువర్ణంతో పుట్టాడు. భయపడిన ఆడవాళ్ల మొహాల్లో కూడా కారణమే వెతికారు. మన భాషా ఈ పని చేస్తూనే ఉంది. 'గొడ్రాలు' అన్న మాటకి వాడుకలో మగవాడికి సరిజోడు మాట లేదు. బిడ్డ పుడితే 'కడుపు పండింది' అంటాం. పండకపోతే పొలానిదే తప్పు, విత్తనం సంగతి ఎవరూ ఎత్తరు. గర్భం వస్తే అది 'విశేషం'. పెళ్లయిన మూడో నెల నుంచి "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న వింటూనే ఉన్నాను. ఈ మధ్యకాలంలో నేను పిహెచ్.డి. పూర్తిచేశాను, ఒక పుస్తకం వేశాను. అవి విశేషాల కిందకి రాలేదు. తమాషా ఏమిటంటే, ఆ ప్రశ్నకి నేనెప్పుడూ 'లేదండీ' అని ఊరుకోలేదు. థీసిస్ అవ్వాలని ఆగామనో, ఇల్లు మారాక చూద్దామనుకుంటున్నామనో, ఏదో ఒక కారణం చేర్చి చెప్పేదాన్ని. అడగకుండానే సంజాయిషీ ఇచ్చుకునేదాన్ని.

నాకు బలమిస్తుందనుకున్న చోట కూడా సంజాయిషీ తప్పలేదు. నెలకోసారి కలిసి చదువుకునే మా స్నేహితురాళ్ల మధ్య ఒకరోజు ధైర్యం చేసి విషయం చెప్పాను. మూడుసార్లు ఐ.యు.ఐ. చేయించుకున్నానని, ఇప్పుడు ఐ.వి.ఎఫ్. గురించి ఆలోచిస్తున్నానని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక స్నేహితురాలు అడిగింది: "ఏమీ అనుకోకు. ఈ కోరిక నీదేనా? వాళ్లు నీలో నాటిందా?" ఆమె నొప్పించాలని అడగలేదు. పదేళ్ల క్రితమైతే ఆ ప్రశ్న నేనే అడిగేదాన్ని. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అత్తయ్య 'ఎందుకు కనలేదు' అని అడుగుతుంది. నా స్నేహితురాలు 'ఎందుకు కనాలనుకుంటున్నావు' అని అడుగుతోంది. రెండు చోట్లా చేతులు కట్టుకుని నిలబడి జవాబు చెప్పాల్సింది నేనే.

స్త్రీవాదంలో ఈ విషయంమీద ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. షూలమిత్ ఫైర్‌స్టోన్ 1970లో 'ది డయలెక్టిక్ ఆఫ్ సెక్స్' రాస్తూ, కనే భారం నుంచి స్త్రీలను సాంకేతికతే విడిపిస్తుందని ఆశపడింది. 1978 జూలైలో ఇంగ్లండులో మొదటి ఐ.వి.ఎఫ్. బిడ్డ పుట్టాక ఆ ఆశ అనుమానంగా మారింది. 1985లో జీనా కొరియా 'ది మదర్ మెషీన్' లో, ఈ సాంకేతికత స్త్రీల శరీరాలను ప్రయోగశాలలుగా మారుస్తుందని హెచ్చరించింది. ఆ రోజుల్లోనే వివిధ దేశాల స్త్రీవాదులు ఫిన్‌రేజ్ అనే పేరుతో ఒక్కటై దీన్ని ప్రతిఘటించారు. వీళ్లకి ముందే 1976లో ఏడ్రియన్ రిచ్ 'ఆఫ్ విమన్ బార్న్' లో మాతృత్వాన్ని వ్యవస్థగా ఒకవైపు, అనుభవంగా మరోవైపు విడదీసి చూపించింది. ఇవన్నీ నేను పాఠాలుగా చెప్పినవే. రిచ్ చేసిన విభజన నన్ను చాలా ఏళ్లు నడిపించింది. అయితే ఆమె ముగ్గురు కొడుకుల తల్లి. ఆ అనుభవంలో నిలబడి వ్యవస్థని విమర్శించింది. వ్యవస్థని వద్దంటూనే అనుభవాన్ని కోరుకుని, ఆ అనుభవం అందని స్త్రీ ఎక్కడ నిలబడాలి? ఆ ప్రశ్నకి నాకు నేనుగా జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

వెతికాను. నా కోరికని ఉల్లిపాయ ఒలిచినట్టు పొరలుపొరలుగా ఒలిచి చూశాను. మొదటి పొర, పేరంటాల్లో పక్కకి జరగాల్సి రావడం వల్ల కలిగిన అవమానం. చెల్లెలి సీమంతంలో మా అమ్మే నా చేతికి గాజుల పళ్లెం అందివ్వబోయి ఆగిపోయింది. దాన్ని తీసేశాను. తర్వాత ముసలితనం గురించిన భయం. తర్వాత మా ఇద్దరి పోలికలు కలిసిన మొహం ఒకటి చూడాలన్న ముచ్చట. అదీ తీసేశాను. అన్నీ పోయాక ఏమీ మిగలదని, నా స్నేహితురాలి అనుమానమే నిజమవుతుందని అనుకున్నాను. కానీ మిగిలింది. అదేమిటో నేను సిద్ధాంతంగా చెప్పలేను. ఒక చిన్న ప్రాణి పక్కన రోజూ నిద్రలేవాలని ఉంది. అంతే. ఎందుకని అడిగితే దీనికీ కారణం తెలియదు.

ఈ మిగిలినదాన్ని కూడా సమాజమే నాటిందని ఎవరైనా అంటే కాదనను. అయితే నాకు చదువుకోవాలని, రాయాలని ఉన్న కోరికలు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? మా నాన్న అలమారలోని పుస్తకాల నుంచి, ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పిన టీచరు నుంచి వచ్చాయి. వాటి పుట్టుక గురించి ఏ సభలోనూ నన్నెవరూ నిలదీయలేదు. ఏ కోరికైనా ఎక్కడి నుంచో వచ్చిందే. ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్నిబట్టి అది నాది కాదని తేల్చేస్తే, నాకంటూ మిగిలే కోరిక ఒక్కటీ ఉండదు. కోరికని పరీక్షించాలి, తప్పకుండా పరీక్షించాలి. కానీ పుట్టుకని కాదు, నడవడికని పరీక్షించాలి. అది నన్నేమి అడుగుతోంది? ఆగాలనుకున్నప్పుడు ఆగనిస్తుందా? నెరవేరడానికి ఇంకెవరి మీదైనా కాలు మోపుతోందా? ఈ మూడు ప్రశ్నలతో నేను ఐ.వి.ఎఫ్. గుమ్మం దగ్గరికి వెళ్లాను.

మొదటి ప్రశ్న, అది నన్నేమి అడుగుతోందన్నది. కారణం తెలియనప్పుడు దేనికి వైద్యం చేస్తారన్న సందేహం ఎవరికైనా వస్తుంది. నాకు మొదట అండం విడుదలకి మాత్రలిచ్చారు. తర్వాత మాత్రలూ సూదులూ కలిపి ఐ.యు.ఐ. చేశారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన గురించి చాలా ఆలస్యంగా చదివాను. స్కాట్లండులో, కారణం తెలియక పిల్లలు లేని 580 మంది స్త్రీలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఏ వైద్యమూ లేదు, ఎదురుచూడటమే. ఇంకో గుంపుకి క్లోమిఫీన్ మాత్రలు. మూడో గుంపుకి మందులు లేకుండా ఐ.యు.ఐ. ఆరునెలల్లో ఎదురుచూసినవాళ్లలో నూటికి 17 మందికి, మాత్రలు వాడినవాళ్లలో 14 మందికి, ఐ.యు.ఐ. చేయించుకున్నవాళ్లలో 23 మందికి బిడ్డలు పుట్టారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చునని, వైద్యం పనిచేసిందని చెప్పడానికి చాలదని తేల్చారు. ఇంగ్లండులోని నైస్ అనే సంస్థ 2013 నాటి మార్గదర్శకాల్లో, కారణం తెలియనివారికి ఇలాంటి మాత్రలు ఇవ్వొద్దని, మొత్తం రెండేళ్లు ప్రయత్నించాక ఐ.వి.ఎఫ్. గురించి ఆలోచించమని చెప్పింది.

ఆ పరిశోధనలో నన్ను ఆపింది ఇంకో సంగతి. తమకి జరిగింది సమ్మతంగానే ఉందని చెప్పినవాళ్లు వైద్యం అందుకున్న రెండు గుంపుల్లో నూటికి 94, 96 మంది. ఊరికే ఎదురుచూసినవాళ్లలో 80 మందే. ఫలితంలో పెద్ద తేడా లేకపోయినా, ఏదో ఒకటి చేస్తున్నామన్న భావనే మనిషికి ఊరట. అది చదివాక మా అత్తయ్య గుర్తొచ్చారు. నలభై రోజులు రావిచెట్టు చుట్టూ నా పేరున ఆవిడ ప్రదక్షిణలు చేశారు. నేను లోపల నవ్వుకున్నాను. నా మాత్రలూ ఆవిడ ప్రదక్షిణలూ ఒకే అవసరం నుంచి పుట్టాయని అప్పుడు తెలియలేదు. చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆవిడకీ చేతకాలేదు, నాకూ చేతకాలేదు. ఒక్కటే తేడా. రావిచెట్టు బిల్లు వేయదు.

ఐ.వి.ఎఫ్. లో బిల్లు లక్షన్నర పైమాటే, అదీ ఒక్కసారికి. పది పన్నెండు రోజులు పొట్టమీద సూదులు, మధ్యలో స్కానింగులు, మత్తిచ్చి అండాలు బయటికి తీయడం, ల్యాబులో ఫలదీకరణ, తర్వాత పిండాన్ని లోపల పెట్టడం, రెండువారాల ఎదురుచూపు. ఫలితం అన్నిటికన్నా ఎక్కువగా స్త్రీ వయసు మీద ఆధారపడుతుంది. నాకు ముప్పై ఆరు. కొందరిలో అండాశయాలు మందులకి అతిగా స్పందించి పొట్టలో నీరు చేరుతుంది, అది ప్రమాదకరం కూడా కావచ్చు. లోపం మగవాడి వీర్యంలో ఉన్నప్పుడు కూడా ఈ సూదులు, ఈ మత్తు స్త్రీకే. పిల్లలు కావాలన్నా ఆమె శరీరమే, వద్దన్నా ఆమె శరీరమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు. అక్కడ మగవారి వేసెక్టమీ అర శాతం కూడా లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ బల్లమీద పడుకున్న మా పనిమనిషీ, ఐ.వి.ఎఫ్. బల్లమీద పడుకోబోతున్న నేనూ ఒకే లెక్కలో రెండు చివరలం.

రెండో ప్రశ్న కష్టమైనది. ఆగాలనుకుంటే ఆగనిస్తుందా? 2019 సెప్టెంబరులో గుంటూరులో తూర్పుగోదావరి జిల్లాకి చెందిన ఒక స్త్రీ ఐ.వి.ఎఫ్. ద్వారా కవల ఆడపిల్లల్ని కన్నది. ఆమె వయసు 74 అని పత్రికలు రాశాయి. ఆ వార్త చూసి అందరూ వైద్యనీతి గురించి మాట్లాడారు, కొందరు ఎగతాళి చేశారు. నాకూ మొదట కోపమే వచ్చింది. తర్వాత వేరే ఆలోచన వచ్చింది. పెళ్లయిన దగ్గరి నుంచి యాభై అరవై ఏళ్లు 'పిల్లలు లేని మనిషి' గా బతకడం ఎలా ఉంటుంది? అన్నేళ్లలో 'ఇక చాలు, నువ్వు నువ్వుగానే నిండుమనిషివి' అని ఆమెకి ఎవరైనా చెప్పి ఉంటారా? పూర్వం 'నా రాతలో లేదు' అనే ఒక మాట ఉండేది. అది క్రూరమైన మాటే. కానీ అది అన్నాక విషయం ముగిసేది. ఇప్పుడు ముగింపు లేదు. 'ఇంకోసారి ప్రయత్నించకపోయారా?' 'వేరే సెంటరుకి వెళ్లకపోయారా?' అంటారు. లేకపోవడం ఒకప్పుడు దురదృష్టం, ఇప్పుడు ప్రయత్నలోపం. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం స్త్రీలకి 50 ఏళ్ల గరిష్ఠ వయసు పెట్టింది. అంతకుముందే, ముప్పై ఎనిమిదికో నలభైకో ఆగిపోవాలనుకునే స్త్రీకి ఆ అనుమతి ఎవరివ్వాలి? ఆమే ఇచ్చుకోవాలి.

'దత్తత తీసుకోవచ్చుగా' అనేవాళ్లు అప్పుడు గుర్తొస్తారు. మంచి మాటే. కానీ అది కన్నపిల్లలున్న ఇళ్లలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. అనాథపిల్లల బాధ్యత లోకంలో గర్భం రాని ఆడవాళ్ల మీద మాత్రమే ఎందుకుండాలి? దత్తత ఈ బాధకి మందు కాదు. ఒక బిడ్డని ఇంకో బిడ్డ రాలేదన్న దుఃఖానికి ఓదార్పుగా తెచ్చుకోవడం ఆ బిడ్డకి అన్యాయం. మేము దాని గురించి ఆలోచిస్తే దాని కోసమే ఆలోచిస్తాం.

నా భర్త గురించి కూడా చెప్పాలి. ఐ.వి.ఎఫ్. మాట వచ్చినప్పుడల్లా "నీ ఇష్టం" అనేవాడు. "నీ శరీరం కదా, నిర్ణయం నీదే" అనేవాడు. మన ఉద్యమం మగవాళ్లకి నేర్పిన మాటే అది. నేనే అతనికి నేర్పి ఉంటాను. కానీ అతను అది అన్నప్పుడల్లా నేను ఒంటరినయ్యేదాన్ని. ఒకరోజు చెప్పేశాను, "శరీరం నాది, నిజమే. కానీ బిడ్డ లేకపోవడం ఇద్దరిదీ. నీకేం కావాలో చెప్పకుండా తప్పుకోవడం నాకు గౌరవమివ్వడం కాదు" అని. చాలాసేపు ఊరుకుని, అతనికీ భయంగా ఉందన్నాడు. నాకేమన్నా అవుతుందని ఒక భయం, అవదని తెలిశాక తను ఏడుస్తాడని ఇంకో భయం. నాలుగేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన మొదటి నిజమైన సంభాషణ అదే.

ఇక మూడో ప్రశ్న. నా కోరిక ఇంకెవరి మీదైనా కాలు మోపుతోందా? మూడో ఐ.యు.ఐ. కోసం సూదులు వేయించుకుంటున్న రోజుల్లో ఆసుపత్రి వరండాలో నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. పాతికేళ్లుంటాయి. "మీకిది ఎన్నోదక్కా?" అని అడిగింది. "నాలుగోది" అన్నాను. "నాకు ఏడోది. పొట్ట ఉబ్బరంగా ఉంటోంది" అంది. తనూ నాలాగే వచ్చిందనుకున్నాను. మాటల్లో తెలిసింది, ఆమె తన అండాలు ఇవ్వడానికి వచ్చింది. ఆమెకొక పాప ఉంది. స్కూలు ఫీజు, రెండునెలల ఇంటద్దె బాకీ. ఆమెని తీసుకొచ్చిన మనిషి కౌంటరు దగ్గర కాగితాలు చూస్తోంది. "రక్తం ఇచ్చినట్టేనంట అక్కా" అంది. ఉబ్బరం ఎక్కువైతే వెంటనే చెప్పమన్నారా అంటే తెల్లమొహం వేసింది. చట్టం ప్రకారం అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకి మించి తీయకూడదు. తీసుకునేవాళ్లు ఆమెకి ఏడాది బీమా చేయించాలి. అండాలు అమ్మడం, కొనడం నేరం. ఇవేవీ ఆ అమ్మాయికి తెలియవు. లేచి వెళ్తూ "మీకు పిల్లల్లేరా అక్కా? బాధపడకండి, వస్తారు" అని నన్నే ఓదార్చింది.

తర్వాత కొన్నాళ్లకి డాక్టరుగారు, నా అండాలు సరిపోకపోతే డోనర్ అండాలు తీసుకోవచ్చన్నారు. ఇంట్లో ఆ మాట వినగానే మా అత్తయ్య మొదట అడిగింది, "మన కులంవాళ్లవి దొరుకుతాయా?" అని. నాకు గుర్తొచ్చింది మాత్రం వరండాలోని అమ్మాయి. భారతంలో ఆ అంబికే రెండోసారి వ్యాసుడి దగ్గరికి వెళ్లడానికి మనసొప్పక తన దాసిని పంపింది. ఆ దాసి కడుపున పుట్టిన విదురుడి పేరు అందరికీ తెలుసు. ఆమెకి కథలో పేరు లేదు. అంబిక బాధ నాకు అర్థమవుతుంది. ఆమె తప్పించుకున్న చోటికి ఇంకో ఆడదాన్ని నెట్టిందన్నదీ అర్థమవుతుంది. నిన్నమొన్నటి ఐ.వి.ఎఫ్. చరిత్రలోనూ ఇదే తీరు. మొదటి ఐ.వి.ఎఫ్. బిడ్డ పుట్టుకలో ఇద్దరు మగవాళ్లతో సమానంగా పనిచేసిన జీన్ పర్డీ పేరు, అక్కడి ఆసుపత్రి ఫలకం మీదికి ఎక్కడానికి 2015 దాకా పట్టింది. ఆమె అప్పటికి చనిపోయి ముప్పై ఏళ్లు.

డోనర్ అండాలతో తల్లులైన స్త్రీలని నేను తప్పుపట్టడం లేదు. కొందరికి అదొక్కటే దారి. నేను చెప్పేది వేరు. ఇన్నాళ్లూ నేను సంజాయిషీ ఇచ్చినవాళ్లెవరికీ నిజానికి నేను ఇవ్వవలసిన పని లేదు. పిల్లలు ఎందుకు పుట్టలేదో నా శరీరానికే తెలియనప్పుడు మా పిన్నికి నేనేం చెప్పను? ఎందుకు కావాలో, ఎందుకు ఇక చాలనిపించిందో నా స్నేహితురాళ్లకి రుజువు చేసి చూపించక్కర్లేదు. కావాలనుకోవడానికి, ఆగిపోవడానికి నా మనసు చాలు. నా కోరిక ఇంకొక స్త్రీ శరీరాన్ని తాకిన చోట మాత్రం నేను తప్పకుండా జవాబు చెప్పాలి. అక్కడ 'నా ఇష్టం' చాలదు. ఆమెకి తెలిసే ఇస్తోందా, ఆమె ఒంటికేమన్నా అయితే ఎవరు చూస్తారు, ఆమె ఇంటద్దె బాకీ లేకపోయినా ఇచ్చేదా? ఆ ప్రశ్నలని మాత్రం నన్నెవరూ అడగలేదు. అడగవలసినవి అవే.

మేమిద్దరం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఒక్కసారే, నా అండాలతోనే. వచ్చిన పిండాలన్నీ అయిపోయేదాకా. ఫలించకపోతే అక్కడితో ఆపేస్తాం. డోనర్ వద్దు. కులం కోసమో రక్తం కోసమో కాదు, వరండాలోని ఆ అమ్మాయికి చెప్పగలిగే జవాబు నా దగ్గర ఇంకా లేదు కాబట్టి. ఇద్దరం సంతకాలు చేసి, కింద తేదీ వేశాం. ఆశ మొదలయ్యాక ఆగడం ఎంత కష్టమో విన్నాను కాబట్టి, మొదలుపెట్టకముందే రాసుకున్నాం. ఆ కాగితానికి నేను కట్టుబడగలనో లేదో చూడాలి. వచ్చే నెలలో సూదులు మొదలవుతాయి. ఎలా వేయాలో నా భర్త నేర్చుకుంటున్నాడు.

మొన్న మా బంధువుల పెళ్లిలో పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అడిగింది. "లేదు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ ఇంకా నా మొహంలోకి చూస్తోంది, తర్వాతి మాట కోసం. నేను భోజనానికి లేద్దామా అన్నాను.